పాత ఎస్‌ఆర్ 400 చూసొచ్చిన రోజు

కొందామనుకుంటున్న ఆ పాత బైకుని ఈరోజు వెళ్లి చూసొచ్చాను. 2003 మోడల్ యమహా ఎస్‌ఆర్ 400. ఫొటోలు చూసినప్పటి నుంచీ మనసు దాని మీదే ఉంది. ఎదురుగా చూశాక ఇష్టం తగ్గకపోగా ఇంకా పెరిగింది. అందుకే పడుకునే ముందు ఇదంతా రాసుకుంటున్నాను. నా ఇష్టం ఒక పక్క, బండి పరిస్థితి ఒక పక్క విడివిడిగా కనిపిస్తే గానీ తేల్చుకోలేను.

ముందు ఇష్టం సంగతి. ఈ మోడల్ 1978లో వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు ఆగినా 2021 దాకా తయారైంది, రూపం మాత్రం పెద్దగా మారలేదు. ఒకే సిలిండరు, గాలికి చల్లబడే 399 సీసీ ఇంజిన్. సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్ ఒక్కటే. అదీ ఊరికే తొక్కితే కుదరదు. ఎడమ చేతి దగ్గరున్న చిన్న డికంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి తగ్గించేది) పట్టుకుని, కిక్ రాడ్‌ని మెల్లగా దించుతూ, సిలిండర్ హెడ్‌కి కుడివైపున్న బుల్లి గాజు కిటికీలోకి చూడాలి. అందులో గుర్తు కనిపిస్తే పిస్టన్ సరైన చోటికి వచ్చినట్టు. అప్పుడు లివర్ వదిలేసి, కిక్ రాడ్‌ని మళ్లీ పైకి రానిచ్చి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా నిండుగా ఒక్క తొక్కు. పద్ధతి తెలిసినవాళ్లకి బలంతో పనే లేదు. బండితో ఇంత మాట్లాడాల్సి రావడమే నాకు నచ్చింది.

అమ్ముతున్న పెద్దాయన స్టార్ట్ చేయించి చూపించారు. కానీ నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. సిలిండర్ మీద చెయ్యి ఆనించగానే తెలిసిపోయింది. "నువ్వొస్తున్నావని ఒకసారి వేయించి చూసుకున్నా బాబూ" అన్నారు. ఆయన్ని అనుమానించడం లేదు. అయినా వేడి మీదున్న ఇంజిన్ తన జబ్బులన్నీ బయటపెట్టదు. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మొదటిసారి అందుకున్నప్పుడు గుప్పున నీలం పొగ వచ్చి కాసేపటికి తగ్గిపోతే, వాల్వ్ సీల్స్, అంటే వాల్వ్‌ల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే రబ్బర్లు, అరిగి ఉండొచ్చు. నడుస్తున్నంతసేపూ వస్తూ, పికప్ ఇచ్చినప్పుడు ఇంకా చిక్కబడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. సీల్స్ అయితే భరించగలను. రింగులంటే ఇంజిన్ విప్పాలి. ఈ తేడా ఇవాళ నాకు తెలియలేదు.

మీటర్ మీద కిలోమీటర్లు చాలా తక్కువ. ప్రకటనలో అదే గొప్పగా రాశారు, నాకేమో దాంతోనే టెన్షన్. ఇన్నేళ్ల బండి ఇంత తక్కువ తిరిగిందంటే మిగతా కాలమంతా నిలబడే ఉంది. నడిచి అరిగిన బండి కంటే నిలబడి పాడైన బండిని బాగుచేయడమే కష్టం. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్‌లో నిలవున్న పెట్రోల్ నెలలు గడిచేకొద్దీ జిగురుగా మారి, స్లో రన్నింగ్‌కి పెట్రోల్ అందించే సన్నటి జెట్‌ని మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే తేమని కూడా పీల్చుకుంటుంది, దాంతో ట్యాంకు లోపల తుప్పు. రబ్బరు సీల్స్ ఎండిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్‌లో నీరు చేరి, డిస్క్‌ని పట్టే పిస్టన్ బిగుసుకుంటుంది.

కాబట్టి ఇవాళ నేను వెతికింది అరుగుదల కాదు, నిలబడ్డ ఆనవాళ్లు. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూశాను. మెడ దగ్గర కాస్త ఎర్రబడింది గానీ అడుగు శుభ్రంగానే ఉంది. టైర్ల మీద చూడ్డానికి గాట్లు బాగానే ఉన్నాయి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కోడ్ చదివితే అసలు విషయం తెలిసింది: వెనక టైరు మీద 2312. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2012లో 23వ వారంలో తయారైన టైరు. గోరుతో నొక్కితే రబ్బరు దిగడమే లేదు. రెండు టైర్లూ మార్చాల్సిందే, దీని మీద ఆలోచన అక్కర్లేదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఎడమ గొట్టం మీద నూనె గీత కనిపించింది, సీలు పోయింది. ఇంజిన్ అంత వేడిగా ఉండి కూడా స్లో రన్నింగ్‌లో నిలవలేదు, యాక్సిలరేటర్ కాస్త పట్టి ఉంచితే తప్ప ఆగిపోతోంది. ఆ సన్నటి జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి పీలుస్తూ ఉండాలి. రెండూ బాగయ్యేవే. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే ఎక్కడా పట్టేయలేదు. కాసేపు నడిపాను కూడా. గేర్లు బాగా పడుతున్నాయి, క్లచ్ జారడం లేదు.

నా మనసు కుదుటపడింది మాత్రం ఆయిల్ దగ్గర. ఈ బండిలో ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా ఛాసిస్ గొట్టంలోనే నిలవ ఉంటుంది. చాలా రోజులు నిలబడితే మెల్లగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అప్పుడు గేజ్ తీసి చూస్తే ఆయిల్ తక్కువున్నట్టు కనిపిస్తుంది. సంగతి తెలియనివాళ్లు ఇంకా పోసేస్తారు. నేను గేజ్ మీద చెయ్యి వేయబోతుంటే ఆయనే, "ఇప్పుడే తియ్యకు, కాసేపు నడవనిచ్చి, నిటారుగా నిలబెట్టి చూడాలి" అన్నారు. బండిని ప్రేమగా చూసుకున్న మనిషి అనే మాట అది.

తర్వాత లోపలికెళ్లి ఒక పాత నోటుబుక్కు తెచ్చారు. ఆయిల్ మార్చిన తేదీలు, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) సరిచేసిన తేదీలు, చైన్, బ్యాటరీ, అన్నీ ఆయన చేత్తోనే రాసి ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక పేజీ సగంలో ఆగిపోయాయి. మోకాలు పాడైందట. కిక్ కొట్టలేక పక్కన పెట్టేశారు. అప్పుడప్పుడూ ఎవరినైనా పిలిచి స్టార్ట్ చేయించడం తప్ప మళ్లీ ఎక్కలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నావైపు చూడలేదు, సీటు తుడుస్తూ ఉండిపోయారు. ఆయన బాధ నన్ను కదిలించింది, అది పక్కన పెట్టి ఆలోచించినా నా లెక్కకి ఇది పెద్ద విషయమే. ఎందుకు నిలబడిందో తెలియని బండి అంటే నాకు భయం. ఈ బండి ఆగిపోవడానికి దానిలో లోపం కారణం కాదు.

సాయంత్రం అక్కకి ఫోన్ చేస్తే ఒకటే అడిగింది: "ఏరా, దానికి ఏబీఎస్ ఉందా?" లేదు. గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ అవకుండా చూసే ఈ ఏర్పాటు 1988లోనే బీఎండబ్ల్యూ కే100 మీద బైకులకి మొదలైంది, ఈ బండికి మాత్రం ముందు మామూలు డిస్కు, వెనక డ్రమ్ము. వాన నీళ్లలో గట్టిగా బ్రేక్ పడితే చక్రం లాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ సంగతే అక్కకి చెప్పాను. కొత్త టైర్లు వేయించి, ఫోర్కు సీలు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాకే రోడ్డెక్కిస్తాననీ, ఖాళీ చోట బ్రేకులు బాగా అలవాటు చేసుకుంటాననీ చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ఆమె భయం సరైనదే.

ఇంకోటి మిగిలింది. కాగితాల మీది ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోయింది గానీ ఇంజిన్ నంబరు మడ్డి కింద కనబడలేదు. అది చదవకుండా డబ్బు మాట ఎత్తను.

ఇందాకే పెద్దాయనకి ఫోన్ చేశాను. "రేపు పొద్దున నేనొచ్చేదాకా స్టార్ట్ చేయించకండి, చల్లటి ఇంజిన్ చూడాలండీ" అన్నాను. వెంటనే సరేనన్నారు, నంబరు మీది మడ్డి కూడా తుడిచి ఉంచుతానన్నారు. నీలం పొగ ఆగకుండా వచ్చినా, నంబరు కలవకపోయినా వదిలేస్తాను. మిగతావన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యే పనులే. టైర్లకీ సీల్స్‌కీ కార్బురేటర్ పనికీ అయ్యే ఖర్చు ధరలో తగ్గించమని అడుగుతాను. ఆయన ఒప్పుకుంటే తీసుకుంటాను, నోటుబుక్కుతో సహా.