ముందు ఖాళీ, ఆ తర్వాతే మిషన్లు: మా చిన్న వంటింటిని సర్దుకున్న తీరు

మా వంటగది తొమ్మిదిన్నర అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు. ఒక గోడ వెంట 7 అడుగుల గట్టు, దాని ఎడమ చివర ఆనుకుని ఫ్రిజ్. గట్టు మీద స్టవ్‌కి 26 అంగుళాలు, సింకుకి 20 అంగుళాలు పోతే రెండింటి మధ్య 30 అంగుళాలు ఉండాలి. సింకు అవతల మూలలో ఇంకో ఎనిమిది. కొలత ప్రకారం కూరగాయలు తరుక్కోవడానికి చోటు ఉన్నట్టే. కానీ ఆ 30 అంగుళాల్లో మైక్రోవేవ్, మిక్సీ, కెటిల్ కొలువుండేవి. అమ్మ హాల్లో కూర్చుని తరిగేది, తరిగినవి గిన్నెల్లో పట్టుకుని లోపలికీ బయటికీ తిరిగేది. కింద దించిన వేడి గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక మా ఆవిడ దాన్ని మళ్ళీ స్టవ్ మీదే రెండో బర్నర్ మీద పెట్టేది.

చిన్న ఇంట్లో ఇలా ఎందుకవుతుందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. మిషన్ కొన్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మనం నిర్ణయించం, ప్లగ్ నిర్ణయిస్తుంది. గట్టు పైన గోడకి సాకెట్లు స్టవ్‌కీ సింకుకీ మధ్యలోనే ఉంటాయి. వచ్చిన ప్రతి వస్తువూ అక్కడికే చేరుతుంది. కడగడం, తరగడం, వండటం అనే వరసలో చేతికి ఎక్కువ పని పడేది కూడా సరిగ్గా అక్కడే.

అందుకే సర్దడం మొదలుపెట్టేటప్పుడు ‘ఏ మిషన్‌ని ఎక్కడ పెట్టాలి’ అన్న ప్రశ్న పక్కన పెట్టేశాను. ‘ఖాళీ ఎక్కడ కావాలి’ అన్నదే ముందు తేల్చుకున్నాం. సింకుకీ స్టవ్‌కీ మధ్య 30 అంగుళాలూ ఖాళీగా ఉండి తీరాలి. అక్కడ ఏ వస్తువూ శాశ్వతంగా ఉండకూడదు. ఈ ఒక్క నియమం మీద ముగ్గురం ఒప్పుకున్నాక మిగతా నిర్ణయాలన్నీ తేలికయ్యాయి.

నాకు ఈ విషయంలో ధైర్యం ఇచ్చింది ఒక పాత వంటగది. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షుటె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే కొత్త ఇళ్ళ కోసం ఒక వంటగది గీశారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు దాదాపు 3.4 మీటర్లు. మాదానికంటే కొంచెమే పెద్దది. రైళ్ళలో భోజనాల పెట్టెకి ఉండే ఇరుకు వంటగదిని ఆమె పరిశీలించారు, మనిషి వేసే అడుగుల్ని లెక్కలోకి తీసుకున్నారు. కిటికీ కింద కూర్చుని తరుక్కునే బల్ల, తొక్కలు నేరుగా పడేందుకు ఆ బల్లకే ఒక సొరుగు అమర్చారు. ఆ చిన్న గదిలో కూడా చేతులు పనిచేసే చోటుకి ఆమె ఇచ్చిన మర్యాద చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చిన్న ఇల్లు కాబట్టి ఇంతే అని సరిపెట్టుకోనక్కర్లేదని అప్పుడే నమ్మకం కుదిరింది.

తర్వాత ఒక కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఏ మిషన్ వాడినా దాని పేరు పక్కన ఒక గీత పెట్టమని ఇంట్లో అందరికీ చెప్పాను. కొన్ని వారాలు అలా గీతలు పెట్టాక మాకే తెలియని మా అలవాట్లు బయటపడ్డాయి. మిక్సీ, ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ రోజూ వాడుతున్నాం. టోస్టర్ అప్పుడప్పుడు. జ్యూసర్ పక్కన గీతే లేదు. మైక్రోవేవ్‌కి అన్నిటికంటే ఎక్కువ గీతలున్నాయి, కానీ ఒక్కటీ వంట చేసేటప్పటిది కాదు. అన్నీ తినేముందు వేడి చేసుకున్నవే. అంటే మా ఇంట్లో అది వండే మిషన్ కాదు, వడ్డించే మిషన్. దానికి గట్టు మీద చోటు అక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె దాంట్లోకి వెళ్తుంది కాబట్టి అది ఫ్రిజ్ పక్కనుంటే చాలు.

ఇక ఫ్రిజ్ సంగతి. అది స్టవ్‌కి పక్కనే ఉంది. చాలా కొత్త ఫ్రిజ్‌లలో లోపలి వేడిని బయటికి పంపే గొట్టాలు పక్క గోడల రేకు వెనకే ఉంటాయి, అందుకే పక్కలు ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి. ఆ వేడి పోవడానికి గాలి ఆడాలి. అటు పక్కనే స్టవ్ మండుతుంటే వేడి పోవడం కష్టమై కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. వంటగది వాకిలి పక్కనే, హాలు వైపు గోడకి, ఎండ పడని చోటు ఒకటి ఉంది. ఫ్రిజ్‌నీ మైక్రోవేవ్‌నీ జంటగా అక్కడికి తీసుకెళ్తే గట్టు పక్కన 30 అంగుళాల చోటు కూడా ఖాళీ అవుతుంది.

“ఫ్రిజ్ హాల్లోనా?” అని అమ్మ మొదట ఒప్పుకోలేదు. “పాలు తీయాలన్నా నాలుగడుగులు నడవాలి కదరా.”

“నడవాలి నిజమేనమ్మా. కానీ కూరగాయలు ఒకసారి తెచ్చుకుంటే చాలు. తరగడానికి నువ్వు హాల్లోకి పోనక్కర్లేదు.”

అమ్మ కాసేపు ఆలోచించి, “సరే, చూద్దాం. మైక్రోవేవ్ మాత్రం పైన ఎక్కించొద్దు, నా భుజం లేవదు” అంది. ఆ మాట చాలా విలువైనది. మైక్రోవేవ్‌ని చాలామంది ఎత్తుగా అరలో పెడతారు. మరిగే ద్రవమున్న గిన్నెని ముఖం ఎత్తు నుంచి దించడం ఎవరికైనా ప్రమాదమే. అమ్మని నిలబెట్టి మోచేతి ఎత్తు కొలిచి, స్టాండు దానికి తగ్గట్టు ఎంచుకున్నాం.

ఏదీ కదపకముందు పాత న్యూస్‌పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి మిషన్ అడుగు భాగం ఎంతుందో అంత ముక్క కత్తిరించి, దాని చుట్టూ వదలాల్సిన ఖాళీని కూడా కలిపి, నేల మీదా గట్టు మీదా పరిచి చూశాం. సర్దుకునేవాళ్ళు ఈ పని అస్సలు మానకూడదని నా అభిప్రాయం. మిషన్ కొలత ఒకటి, అది ఆక్రమించే చోటు ఇంకొకటి. మైక్రోవేవ్ వెనక ప్లగ్, వైరు వంపు అంగుళాలు తినేస్తాయి. గాలి బయటికి పోయే చిల్లులు వెనకో పక్కనో పైనో ఉంటాయి, వాటిని మూయకూడదు. ఎంత ఖాళీ వదలాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, దాంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. మిక్సీకి పైన కూడా చోటు కావాలి, లేకపోతే జార్ ఎత్తడం కుదరదు. మైక్రోవేవ్ తలుపులు దాదాపు అన్నీ ఎడమవైపుకే తెరుచుకుంటాయి. కాబట్టి వేడి గిన్నె దించుకునే చోటు దానికి కుడివైపు ఉండాలి. 3 అడుగుల వెడల్పున్న స్టాండు మీద మైక్రోవేవ్‌ని ఎడమకి జరిపితే కుడివైపు గిన్నె పెట్టుకునేంత జాగా మిగిలింది.

కరెంటు లెక్క వేరుగా చూసుకోవాలి. ప్రతి మిషన్ వెనకో కిందో వాట్లు రాసి ఉంటాయి. వాటిని వోల్టేజీతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. మా కెటిల్ 1500 వాట్లు. 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మా చిన్న సాకెట్ల మీద 6 అని, పెద్దవాటి మీద 16 అని ఉంది. అంటే కెటిల్ పెద్ద సాకెట్‌కే పోవాలి. మైక్రోవేవ్ విషయంలో ఇంకో తికమక ఉంటుంది. అట్టపెట్టె మీద 800 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆహారానికి అందే శక్తి. గోడలోంచి లాగేది అంతకంటే చాలా ఎక్కువ, మాది 1200. లెక్క వేయాల్సింది ఈ రెండో అంకెతో. వేడిచేసే ఏ మిషన్‌నీ ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకూడదని ముందే గట్టిగా అనుకున్నాం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి హాల్లో ఫ్రిజ్‌కొకటి, మైక్రోవేవ్‌కొకటి ఎర్తింగుతో విడివిడిగా సాకెట్లు పెట్టించాం. ఫ్రిజ్ పాత సాకెట్ దగ్గర రెండు ప్లగ్గులు పట్టేలా మార్పించాం. ఈ మొత్తం పనిలో డబ్బు ఎక్కువ అయింది ఇక్కడే. అయినా ఇందులో పొదుపు చూడకూడదు.

ఫ్రిజ్ కదిపే రోజుకి లోపలి సామాను తగ్గేలా ముందు నుంచే వాడేశాం. స్విచ్ ఆపి, అరలు బయటికి తీసి, తలుపు తెరుచుకోకుండా టేపు వేసి, నేల గీసుకోకుండా కింద మందపాటి దుప్పటి పరిచి నెమ్మదిగా లాగాం. ఫ్రిజ్‌ని నిలువుగానే కదపాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. అలా పడుకోబెట్టాల్సి వస్తే మళ్ళీ నిలబెట్టి, కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయాలి. కొత్త చోట ముందరి కాళ్ళు తిప్పి, కాస్త వెనక్కి వాలేలా సరిచేశాం. అలా ఉంటే తలుపు వదిలేసినా దానంతట అదే మూసుకుంటుంది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. తలుపు కీలు వాకిలి వైపు ఉంది. ఫ్రిజ్ తెరిస్తే తలుపు వంటగది దారికి అడ్డంగా నిలుస్తుంది, వంటగదిలోంచి వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి రావాలి. చాలా ఫ్రిజ్‌లలో కీలుని ఒక పక్క నుంచి రెండో పక్కకి మార్చుకునే వీలుంటుంది. కంపెనీ మెకానిక్‌ని పిలిపిస్తే, మా మోడల్‌కి కుదురుతుందని చెప్పి తలుపు విప్పి మార్చి ఇచ్చారు. ఇప్పుడు వాకిట్లో నిలబడే చెయ్యి చాచి కూరగాయలు తీసుకోవచ్చు. అమ్మ లెక్క పెట్టిన నాలుగడుగులు రెండయ్యాయి.

ఇంకో మాట. ఫ్రిజ్ పక్కన సంచులు తగిలించడానికి కొక్కేలు బిగిద్దామని మా ఆవిడ అంది. అందుకు అయస్కాంతం కొక్కేలే వాడాలి. రేకుకి చిల్లు పెడితే లోపలున్న గ్యాస్ గొట్టం తెగవచ్చు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఎ అనే గ్యాస్, అది మండే గుణమున్నది.

ఫ్రిజ్ ఖాళీ చేసిన చోట గట్టుతో సమానమైన ఎత్తులో ఒక ఇనుప రాక్ పెట్టాం. గట్టు ఇంకో 30 అంగుళాలు పెరిగినట్టయింది. దాని పైన మూడు రోజువారీ మిషన్లు సరిగ్గా సరిపోయాయి. స్టవ్ వైపు చివర ఎలక్ట్రిక్ కుక్కర్, మధ్యలో కెటిల్, అటు చివర గోడ పక్కన మిక్సీ. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. స్టవ్ సెగకి మిక్సీ ప్లాస్టిక్ దగ్గరగా ఉండకూడదు. కుక్కర్, కెటిల్ వదిలే ఆవిరి పైన ఖాళీగా ఉన్నచోట పోవాలి. ఇంతకుముందు కుక్కర్ చెక్క అలమర కింద ఉండేది, ఆ అలమర అంచు ఆవిరికి ఉబ్బి పొర లేచింది. మిక్సీ బరువైనది, రోజూ ఎత్తి దించేది కాదు, అందుకే దాన్ని ఎప్పటికీ ఒకేచోట ఉంచాం. రాక్ కింది అరల్లో బరువు పాత్రలు పెట్టాం, అదిరినా రాక్ కదలదు. కుక్కర్, కెటిల్ రెండూ ఒకేసారి వేయం.

జ్యూసర్‌ని మా చెల్లెలికి ఇచ్చేశాం, వాళ్ళింట్లో రోజూ వాడుతున్నారు. టోస్టర్ తేలిక కాబట్టి రాక్ కింద అరలోకి పోయింది, కావాల్సినప్పుడు తీసుకుంటాం.

ఆ 30 అంగుళాలు ఖాళీ అయ్యాక వంటింట్లో పని తీరే మారింది. సింకులో కడిగినవి ఎడమకి జరిపితే తరిగే పలక, తరిగినవి ఇంకాస్త ఎడమకి తోస్తే గిన్నె. అమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చుని తరుగుతుంటే మా ఆవిడ స్టవ్ దగ్గర నిలబడుతుంది, ఒకరికొకరు అడ్డం రారు. గట్టు తుడవడం ఇప్పుడు క్షణాల పని, ముందైతే మైక్రోవేవ్ కింద తుడవాలంటే ఇద్దరు కావాలి. కొత్తలో మాత్రం వేడి చేయాల్సిన గిన్నె పట్టుకుని అందరం పాత చోటుకే నడిచేవాళ్ళం.

ఖాళీని కాపాడుకోవడం రోజూ చూసుకోవాల్సిన పనే. మార్కెట్ నుంచి తెచ్చిన సంచి, ఆరబెట్టిన గిన్నెల బుట్ట, ఫోను చార్జరు, అన్నీ అక్కడే వాలతాయి. గిన్నెల బుట్టని సింకు అవతలి 8 అంగుళాల మూలలో సన్నటి నిలువు స్టాండుగా మార్చాం. సంచులకి రాక్ పక్కన కొక్కెం పెట్టాం. చార్జర్లని వంటగది సాకెట్లకి పెట్టకూడదని చెప్పుకున్నాం.

ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం ఇంకా స్థిరమైన చోటు కుదరలేదు. గ్యాస్ అయిపోయిన రోజు తప్ప దాంతో పని లేదు, కానీ ఆ రోజు అది తప్పనిసరి. 2000 వాట్లది కాబట్టి పెద్ద సాకెట్ కావాలి, అడుగున ఫ్యాను గాలి లాగుతుంది కాబట్టి చుట్టూ జాగా కావాలి. ప్రస్తుతానికి రాక్ వెనక నిలువుగా నిలబెట్టి ఉంచాం. అవసరమైతే కెటిల్‌ని కిందికి దించి ఆ చోట పెట్టి చూశాం, కుక్కర్‌కి మరీ దగ్గరయింది. రాక్‌కి కింద నుంచి బయటికి లాగే పలక ఒకటి చేయించాలని వడ్రంగిని అడిగాం, కొలతలు తీసుకెళ్ళాడు.