జీడితోటలో సీతమ్మ పోగునూలు

మన బడి క్లాసువాళ్ళం మళ్ళీ కలిసే రోజుకి తెచ్చే సంచికకు రెండు పేజీలు రాసివ్వమని కమిటీ తరఫున తాటిచెట్టు (పేర్లన్నీ మనం బళ్ళో పెట్టుకున్నవే) మూడుసార్లు ఫోన్ చేశాడు. బడి వార్షికోత్సవం గురించి రాస్తే బాగుంటుందన్నాడు. ఆ రోజు తెర కాలిన సంగతి కవలలు రాయాలి, నేను రాస్తే మళ్ళీ గొడవలొస్తాయి. నాకు రాయాలని ఉన్నది తొమ్మిదో తరగతిలో ఒక్క శనివారం. సంక్రాంతి సెలవులయ్యాక, సూర్యలంక దారిలో, జీడిపప్పు వాళ్ళ తోట.

ఏ మాష్టారో చెప్పక్కర్లేదు కదా, మనకి మొక్కల పాఠాలు చెప్పినాయనే. తలా పది మొక్కలు ఎండబెట్టి అట్టలకి అంటించి తెమ్మన్నారు. నా పదో అట్ట మీద పసుపు దారాల ఉండ ఒకటి ఉంది. ఆ తోటలోంచి తెచ్చిందే. మా నాయనమ్మ అలాంటి తీగ ఎక్కడ కనబడినా సీతమ్మ పోగునూలు అనేది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి కింద 'బంగారు తీగ, కస్కుటా' అని ముత్యాల్లా రాశాను.

మాష్టారు చాలాసేపు చూశారు. "ఎలా తెలిసిందమ్మాయ్?" అన్నారు.

"ఆకుల్లేవండి, నేలలో వేరు లేదండి, పసుప్పచ్చగా ఉందండి."

"పువ్వు చూశావా?"

చూడలేదు. నా ఒక్కదాని అట్ట కోసం మొత్తం క్లాసుని శనివారం బయల్దేరదీశారు. దారిలో కాలవగట్టున రేగుకంప మీద అల్లుకున్న ఇంకో పసుపు తీగని కొమ్మతో సహా కోయించి బుల్లెట్ చేత మోయించారు. ముళ్ళు గుచ్చుకుని వాడు దారిపొడుగునా చేసిన గోల మీకు గుర్తుండే ఉంటుంది.

తోటలో జీడిమామిడి కొమ్మలు ఇసుక మీదికి వాలి ఉన్నాయి. వాటి మీద వల పరిచినట్టు ఆ తీగ. లాగబోతే, "లాగకు, విప్పు" అన్నారు. ఒక్కొక్క చుట్టూ విప్పుతుంటే కొమ్మని ఆనుకున్న వైపు వరసగా బుడిపెలు కనబడ్డాయి, జలగ నోటితో పట్టుకున్నట్టు. ఊడదీస్తే బెరడు మీద చిన్న చిన్న గాట్లు. అవే పీల్చే వేళ్ళు, పుస్తకంలోని హాస్టోరియాలు. రేగుకంప మీది తీగకీ అవే ఉన్నాయి. విత్తనం మొలిచినప్పుడు రెండింటికీ నేలలో వేరుంటుందట, ఆసరా దొరికి అతుక్కోగానే అది ఎండిపోతుందట. అంతవరకూ రెండూ ఒకటే, నేను రాసింది తప్పెలా అవుతుందని నాకు ఉక్రోషం వచ్చింది.

అప్పుడు జేబులోంచి భూతద్దం తీశారు. ముందు రేగుకంప తీగ. తెల్లటి గంటలాంటి పువ్వు, అంచున అయిదు తమ్మెలు. తరవాత జీడిచెట్టు తీగ. వెన్నులా ఉన్న కాడ మీద ఆవగింజంత మొగ్గలు, విచ్చుకున్నవి రెండో మూడో. పువ్వుకి రేకులెన్నంటే బుల్లెట్ మూడన్నాడు. నేను ఆరన్నాను. లోపల పెద్దవి మూడు, బయట వాటికి ఆనుకుని కంటికి ఆననంత చిన్నవి మూడు. ముప్పై ఎనిమిది మందిమీ వంతులవారీగా లెక్కపెట్టేదాకా ఆయన ఏమీ చెప్పలేదు. చివరికి తీగని గోటితో నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. సన్నగా మసాలా వాసన!

"దాల్చినచెక్క కుటుంబమమ్మా ఇది. కసైతా. పాచితీగ అంటారు. నీ బంగారు తీగేమో తూటికూరకీ చిలగడదుంపకీ చుట్టం. ఒకేలా బతుకుతాయి గానీ ఒకదానికొకటి ఏమీ కావు."

పైగా పాచితీగ కాయ బఠాణీ గింజంత, కండగా ఉంటుంది. బంగారు తీగది ఎండి రాలే కాయ. లేత పాచితీగలో పచ్చదనం తెలుస్తుంది, బంగారు తీగలో దాదాపు కనబడదు. ఇవన్నీ నాకు ఆ రోజు నుంచి తెలుసు. అట్ట మీది పేరుని ఒక్క గీతతో కొట్టేసి, "కొత్త పేరు నువ్వే రాయి" అన్నారు.

పదో తరగతి, ఇంటరు గడిచాయి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరాను, మండల వ్యవసాయాధికారినయ్యాను. డెల్టాలో మాగాణి మినుముకి బంగారు తీగ ఎంత చేటో చేలు ఉన్నవాళ్ళకి తెలుసు. వరి కోతల ముందు చల్లిన మినుములో అది ఒక మూల మొదలై చాపలా పరుచుకుంటుంది. తీగని పీకి అక్కడే పడేస్తే తెగిన ముక్క పక్క మొక్కని పట్టుకుంటుంది. పూత రాకముందే మినుము మొక్కతో సహా పీకి, చేను బయట తగలబెట్టాలి. విత్తనం నేలలో ఏళ్ళ తరబడి ఉంటుంది, మినుముల్లో కలిసి పక్క ఊరికీ పోతుంది. ఈ ముక్కలు ఎన్ని గట్ల మీద చెప్పానో. ఒక రైతు మూడేళ్ళు నా మాట విని, జల్లించిన విత్తనమే చల్లి, ఒక ఏడు మినుము మాని జొన్న వేశాడు. గడ్డిజాతి మీద బంగారు తీగ నిలవదు. నాలుగో ఏడు చేను చూడ్డానికి రమ్మని కారు పంపాడు. ఆ చేలో ఒక్క పసుపు పోగు లేదు. గట్టున నిలబడి మాష్టారిని తలుచుకున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఆ అట్ట దాని దగ్గరే ఉంది. కొట్టేసిన పేరు, కింద నా చేతిరాతలో కొత్త పేరు, ఆ కింద మాష్టారి ఎర్ర సిరా: 'ఆతిథేయి: జీడిమామిడి. పువ్వు చూసింది.' ఆతిథేయి అంటే తీగ పట్టుకుని బతికిన చెట్టు.

కలిసే రోజుకి అట్ట తెస్తాను. భూతద్దం కూడా. భోజనాలకి ముందు కమిటీవాళ్ళు ఒక గంట వదిలితే తోటకి నడిచి వెళ్దాం. కొమ్మ మోసే పని మాత్రం బుల్లెట్‌దే.