బులిటెన్‌లో లేని రోగిని

జ్వరం 2021 ఏప్రిల్ 29 సాయంత్రం మొదలైంది. మర్నాడు మా ఖమ్మం కార్పొరేషన్‌కు పోలింగ్, అందుకే తేదీ గుర్తుంది. అంతకుముందు పది రోజులూ మా వీధిలో డప్పులు, కండువాలు, గుంపులు. ఒక్కో అభ్యర్థి వెంట నలభై యాభై మంది, మాస్కులన్నీ గడ్డం కిందే. గేటు తీసుకుని లోపలికొచ్చి చేతులు పట్టుకుని మరీ ఓటడిగారు. ఒకాయన మా పాపను ఎత్తుకుని ఫొటో కూడా దిగాడు. అప్పటికే కోవిడ్ వల్ల రాష్ట్రంలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా కర్ఫ్యూ. పగలు ఊరేగింపులు చేసుకోవచ్చు, చీకటి పడ్డాక మాత్రం తలుపులేసుకోవాలి. వైరస్ రాత్రి డ్యూటీ మాత్రమే చేస్తుందని ఎవరు చెప్పారో మరి. ఏప్రిల్ 14న సాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో ముఖ్యమంత్రి సభ జరిగింది. 19న ఆయనకే పాజిటివ్ అన్నారు. మర్నాడు కర్ఫ్యూ పెట్టారు, అదీ హైకోర్టు గడువు పెట్టాక. మా ఎన్నికలు మాత్రం ఆగలేదు.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మార్చి 24 నుంచి బళ్ళు రెండోసారి మూసేశారు, జీతం ఆగింది. ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఇచ్చింది కూడా, అది కాదనను. జ్వరంలో జావ కాచుకుని తాగింది ఆ బియ్యంతోనే.

పని లేక ఇంట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒక అలవాటు చేసుకున్నాను. వైద్యారోగ్య శాఖ రోజూ ఇచ్చే బులిటెన్‌లోని అంకెలు ఒక పాత నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. ఎన్ని పరీక్షలు, ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు. ఏప్రిల్ నెలాఖరులో ఒక్కరోజు కేసులు పది వేలు దాటాయి. ఆ తర్వాత తగ్గడం మొదలైంది. టీవీలో యాంకర్ ఊపిరి పీల్చుకుంది. నా పుస్తకంలో పక్క గడి చూస్తే, లక్ష దాటి చేసే పరీక్షలు డెబ్బై ఎనభై వేలకు దిగాయి. క్లాసులో సగం మందికే పరీక్ష పెట్టి, ఫెయిలైన వాళ్ళు తగ్గారని హెడ్మాస్టరుకు చెబితే ఒప్పుకుంటాడా? హైకోర్టు అడిగిందీ ఇదే, పరీక్షలు ఎందుకు తగ్గాయని.

ఆ పక్క గడిలో తగ్గినవాళ్ళలో నేనూ ఉన్నానని నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

మా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తెల్లవారి ఐదున్నరకు వెళ్ళాను. నా ముందు ఎనభై మంది దాకా ఉన్నారు. తొమ్మిదింటికి ఒకతను బయటికొచ్చి యాభై చీటీలు పంచి, కిట్లు ఇవే ఉన్నాయి, మిగతావాళ్ళు రేపు రండి అన్నాడు. జ్వరంతో ఎండలో అంతసేపు నిలబడినవాళ్ళం, అంతకుముందు అంటించుకోకపోయినా అక్కడ అంటించుకుని ఉంటాం. రెండో రోజూ అంతే. మూడో రోజు చీటీ దొరికింది. ముక్కులో పుల్ల పెట్టి, పావుగంటకు "నెగెటివ్ సార్, భయం లేదు, వెళ్ళండి" అన్నారు. ర్యాపిడ్ పరీక్షలో జబ్బున్నా నెగెటివ్ రావచ్చని, లక్షణాలుంటే ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయాలని పేపర్లో ఎన్నోసార్లు చదివాను. ఆ మాట గట్టిగా అడిగితే ఇంకో పుల్ల పెట్టి, ఫోనుకు మెసేజ్ వస్తుందన్నారు. ఆ మెసేజ్ ఇప్పటికీ రాలేదు.

ఈలోగా నన్ను ముట్టుకుని చూసింది మా వీధి ఆర్ఎంపీ ఒక్కడే. సెలైన్ పెట్టాడు, ఏదో ఇంజెక్షన్ చేశాడు, రెండు రోజులు జ్వరం తగ్గినట్టే ఉంది. అది స్టెరాయిడ్ అయి ఉండొచ్చని, మొదట్లోనే ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువని తర్వాత తెలిసింది. అతన్ని తిట్టడానికి నోరు రాదు. పెద్ద చదువుల వాళ్ళ ఫోన్లు మోగి మోగి ఆగిపోతున్న రోజుల్లో మోటార్ సైకిల్ మీద ఇంటికొచ్చాడు.

అవి కొత్తావకాయ కలిపే రోజులు. మా ఆవిడ హాల్లో బేసిన్ పెట్టుకుని ఆవపిండి, కారం, వెల్లుల్లి కలుపుతోంది. ఏటా ఆ ఘాటుకు తుమ్ములతో వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. ఆ రోజు పక్కనే కూర్చుని ఉన్నాను, ఏమీ లేదు. వేడన్నంలో మొదటి ముద్ద కలిపి పెట్టింది. నూనె జిడ్డు తెలిసింది, మంట తెలిసింది, ఆవకాయ తెలియలేదు. ఆమె మొహం చూసి "బాగుంది" అన్నాను. "అబద్ధాలాడకండి" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నెగెటివ్ కాగితం మీద నమ్మకం మా ఇద్దరికీ అక్కడే పోయింది.

ఆక్సీమీటరు రెండు వేల ఎనిమిది వందలు పెట్టి కొన్నాం. ఆక్సిజన్ శాతం 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్ళాలి అన్నది అప్పటికి చిన్నపిల్లలకు కూడా తెలుసు. మే 5 రాత్రి 91. తెల్లారేసరికి 88. వేలు మార్చి చూశాను, చెయ్యి మార్చి చూశాను, బ్యాటరీలు మార్చి చూశాను. మా బామ్మర్ది కారు తెచ్చాడు. "బావా, మాట్లాడకు, ఊపిరి దాచుకో" అన్నాడు. ముందు సీటీ స్కాన్. ఒక్క సీటీ మూడు నాలుగు వందల ఎక్స్‌రేలతో సమానమని, క్యాన్సర్ రావచ్చని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ ఆ వారమే చెప్పారు. అది తప్పని రేడియాలజిస్టులు కాదన్నారు. టీవీ రెండూ చూపించింది, ఏది నమ్మాలో చెప్పలేదు. స్కాన్ బల్ల మీద పడుకున్నంతసేపూ నాకు ఆ మూడు వందలే గుర్తుకొచ్చాయి. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కు 11.

మూడు ఆసుపత్రుల్లో బెడ్డు లేదన్నారు. నాలుగోది చిన్న నర్సింగ్ హోమ్, లక్ష అడ్వాన్సు కడితే ఉందన్నారు. ప్రభుత్వం ఏడాది ముందే రేట్లు ఖరారు చేసింది. మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000. మాకు వేసింది వార్డులో ఆక్సిజన్ బెడ్డుకు రోజుకు ముప్ఫై వేలు. ఆ జీవో సంగతి మా బామ్మర్ది ఎత్తితే "అయితే ఆ జీవో ఇచ్చిన చోటికే తీసుకెళ్ళండి" అన్నారు. తీసుకెళ్ళేవాడే, నా పెదాలు నీలంగా లేకపోతే.

వైరస్ మీద వాడే రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లు బయట తెచ్చుకోండని చీటీ రాశారు. డబ్బా మీద ధర మూడు వేల లోపు. మాకు దొరికినవి ఒక్కోటి ఇరవై ఎనిమిది వేలు, రాత్రి పదకొండింటికి ఒక పెట్రోలు బంకు వెనకాల. మా ఆవిడ గొలుసు అక్కడ కరిగింది. ఈ మందుతో ప్రాణాలు నిలుస్తాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. మా డాక్టరుకు తెలుసో లేదో. అడిగే ధైర్యం ఎవరికుంది? నిజంగా నాకు పనికొచ్చిందని నేననుకునేది ఆక్సిజన్, ఇంకా బోర్లా పడుకోవడం. "సార్, బోర్లా పడుకోండి, బోర్లా" అని రాత్రంతా తిరుగుతూ చెప్పిన నర్సమ్మకు మా పెద్ద క్లాసు పిల్లల వయసు ఉంటుందేమో. పీపీఈ కిట్టు మీద పేరు స్కెచ్ పెన్నుతో రాసుకుంది. అరచేయి నా వీపు మీద పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా లెక్కపెట్టేది.

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారు. వార్త ఫోన్లలో వార్డు మొత్తానికి చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. అందరం తలలు తిప్పి ఎవరి గోడకున్న సీసాలో బుడగలు వాళ్ళం చూసుకున్నాం. నాకు ఎదురు బెడ్డు ముసలాయన తెల్లవార్లూ చూస్తూనే ఉన్నాడు. ఆ వారమే ఆంధ్ర నుంచి హైదరాబాద్ వెళ్ళే అంబులెన్సులను కర్నూలు దాటాక పుల్లూరు దగ్గర మన తెలంగాణ పోలీసులు ఆపేశారు. హైకోర్టు అడ్డుపడితేగాని వదల్లేదు. జూలైలో రాజ్యసభలో కేంద్ర ఆరోగ్య శాఖ సమాధానం చదివాను. ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా తెలపలేదట. వాక్యం తప్పు కాదు. తెలిపే గడి లేకపోతే ఎవరు తెలుపుతారు?

మే 13న ఇంటికి పంపారు. అంతకుముందు రోజే లాక్‌డౌన్ మొదలైంది, పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు. పదిలోపు బిల్లు కట్టి బయటపడకపోతే కారు ఆపుతారని మా బామ్మర్ది పరుగులు పెట్టాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, మా ఓనరు పెద్దాయన 8వ తేదీనే పోయారని. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. ఆయనకూ జ్వరం, దగ్గు, ఆయాసం. పరీక్ష చీటీ దొరకనేలేదు. కొడుకు ఇంటికే సిలిండర్ తెప్పించాడు, అప్పు చేసి. అది ఖాళీ అయ్యాక ఇంకోటి దొరకలేదు. మరణ ధృవీకరణలో గుండె ఆగిపోవడం అని ఉంది. ఆగిపోయింది, నిజమే.

ఇంటింటి జ్వర సర్వే అని ఆశా కార్యకర్తలు వచ్చారట, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు. "ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అమ్మా?" అన్నారట. ఉన్నవాడు ఇంట్లో లేడు, ఇంట్లో ఉన్నవాళ్ళకు లేదు. మా ఆవిడ జరిగింది చెబితే, ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి "దీనికి గడి లేదక్కా" అందట. మండుటెండలో ఇల్లిల్లూ తిరిగే ఆమెను ఏమనగలం.

కోలుకోవడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. టీవీకి రోగం వార్త, చావు వార్త, మధ్యలో ఉన్నది వార్త కాదు. మా వాటాకు మెట్లు పద్దెనిమిది. మొదటి వారం ఆరు మెట్లకొకసారి కూర్చున్నాను. స్నానం చేసి తల తుడుచుకుంటే చేతులు పడిపోయేవి. జుట్టు దువ్వెనకు ఊడొచ్చింది. స్టెరాయిడ్లతో షుగరు మూడు వందలు దాటింది, అంతకుముందు నాకు షుగరే లేదు. అప్పుడే బ్లాక్ ఫంగస్ వార్తలు. రోజూ అద్దం ముందు నోరు తెరిచి అంగిలి మీద నలుపేమైనా ఉందా అని టార్చి వేసి చూసుకునేవాణ్ణి. ఒక చుట్టం కృష్ణపట్నం వెళ్ళి ఆనందయ్య పంచే నాటు మందు తెస్తానన్నాడు, అక్కడి జనాన్ని టీవీలో చూసి నేనే వద్దన్నాను. జూలైలో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక అసలు భయం పట్టుకుంది. పదమూడో ఎక్కం చెబుతూ పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాను. తొంభై ఒకటి అన్నది రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. పిల్లలు నెట్ పోయిందనుకున్నారు. నెట్ పోలేదమ్మా, మాస్టారే పోయి వచ్చాడు. ఆవకాయ వాసన మాత్రం ఆగస్టులో ఒక రోజు, జాడీ మూత తీయగానే, చెప్పాపెట్టకుండా తిరిగొచ్చింది. తుమ్మాను. మా ఆవిడ వంటింట్లోనే నిలబడి ఏడ్చింది.

డిసెంబరులో ఓనరమ్మ పైకి వచ్చింది, చేతిలో కాగితాలతో. కోవిడ్‌తో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 50,000 ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా, మీసేవలో దరఖాస్తు నింపి పెట్టమంది. ఆర్ఎంపీ చీటీ, సిలిండర్ రసీదు, వాళ్ళబ్బాయి ఫోనులోని ఆక్సీమీటరు ఫొటోలు, దొరికినవన్నీ జత చేశాం. జిల్లా కమిటీ ఒప్పుకుంది. డబ్బు పడింది.

జనవరిలో సుప్రీంకోర్టు ముందు తెలంగాణ లెక్క బయటికొచ్చింది. బులిటెన్ ప్రకారం మరణాలు 3,993. పరిహారానికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు, ఒప్పుకున్నవి 15 వేల పైచిలుకు. అంటే మా పెద్దాయన పరిహారం ఫైలులో కోవిడ్‌తో చనిపోయారు, బులిటెన్‌లో చనిపోలేదు. నా నోటుబుక్కులో ఈ లెక్క ఎక్కడ ఎక్కించాలో తెలియక, చివరి అట్ట మీద రాసుకున్నాను.

ఈ సంగతి ఓనరమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె కాసేపు నన్నే చూసి, "లెక్కలో లేడంటే ఆ డబ్బులు మళ్ళీ వెనక్కి తీసుకుంటారా సారూ?" అంది.

తీసుకోరులేమ్మా అన్నాను.

"సిలిండర్ బాకీ దాంట్లోంచే కట్టేశాం మరి" అని, కాగితాలు మళ్ళీ సంచీలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది.