పదికి ఆరు వేసినందుకు పడ్డ పాట్లు (నా అనుభవం)

పోయిన వారమే నా రివ్యూ వచ్చింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా. విదేశాల్లో ఉన్న ఓ ఇంగ్లిష్ సైట్‌కి ఫ్రీలాన్స్‌గా పీఎస్5 గేమ్ రివ్యూ చేశాను. సైట్ పేరు, గేమ్ పేరు అడక్కండి. సంతకం పెట్టి ఉన్నాను, పైగా డబ్బులు ఇంకా రావాలి.

అవకాశం రావడం పెద్ద కష్టం కాలేదు. పాత నమూనాలు రెండు పంపాను, సరే అన్నారు. ఎంబార్గో కాగితం మీద సంతకం కూడా ఫోన్లోనే అయిపోయింది. ఫలానా గురువారం మన టైమ్ రాత్రి ఏడున్నర దాకా స్కోరు సంగతి ఎక్కడా నోరు జారకూడదు, మూడో అధ్యాయం తర్వాతి కథ ఎప్పటికీ రాయకూడదు. మా బావమరిది మాత్రం రోజూ ఫోన్ చేసి "బావా, గేమ్ ఫ్రీగా ఇచ్చి, ఆడినందుకు డబ్బులు కూడా ఇస్తారా?" అని ఒకటే ఆశ్చర్యం. వాడికి నా జవాబు ఈ కింద ఉంది.

గేమ్ దించుకోవడానికి పంపే కోడ్ దగ్గరే మొదటి తలనొప్పి. వాళ్లు పంపింది అమెరికా కోడ్, నాది ఇండియా అకౌంట్. ప్లేస్టేషన్ స్టోర్‌లో ఒక దేశం కోడ్ ఇంకో దేశం అకౌంట్‌లో ఎక్కదు. మళ్లీ మెయిల్ పెట్టి, ఇండియా కోడ్ వచ్చేసరికి మిగతా రివ్యూయర్లంతా సగం ఆట ఆడేశారు. మీకెవరికైనా ఈ పని దొరికితే మొట్టమొదటి మెయిల్లోనే మీ అకౌంట్ ఏ దేశానిదో రాసిపారేయండి. వాళ్లంతట వాళ్లు అడగరు.

కోడ్‌తో పాటు ఓ పీడీఎఫ్ కూడా వస్తుంది. ఏ సన్నివేశాల వీడియో చూపించొచ్చు, ఏవి చూపించకూడదు అని సగం. మిగతా సగం "తెలిసిన లోపాలు" అని పెద్ద జాబితా, దాని కింద "ఇవన్నీ విడుదల రోజు ప్యాచ్‌లో పోతాయి" అని ఒక లైను. ప్యాచ్ అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్. పోతాయని మనం నమ్మేసి మార్కులు వేయాలన్నమాట.

ఆట సంగతి: ముప్పై గంటల పైచిలుకు నిడివి. సంగీతం అద్భుతం, కత్తియుద్ధం బాగుంది, కథ సగం దాకా లాక్కెళ్తుంది. కానీ సబ్‌టైటిల్స్ ఎంత చిన్నవంటే సోఫాలోంచి చదవలేక కింద కూర్చుని ఆడాను. ఇక రెండో ప్రాంతంలో ఓ కోట గుమ్మం ఉంది. గుర్రం మీద దౌడు తీస్తూ లోపలికి వెళ్తే, గుర్రం మెడ గుమ్మంలో ఇరుక్కుని కాళ్లు మాత్రం గాల్లో పరిగెడుతూనే ఉంటాయి. దిగే బటన్ పనిచేయదు. సరిగ్గా ఆ గుమ్మంలోనే ఆటోసేవ్ పడుతుంది కాబట్టి ఆట ఆపి మళ్లీ పెట్టినా గుర్రం అక్కడే, మెడ అక్కడే. పాత సేవ్ నుంచి మళ్లీ మొదలెట్టాలి. ఊళ్లలోకి వెళ్తే ఫ్రేమ్‌రేట్ పడిపోయి బొమ్మ అంతా నత్తనడక. అన్నీ చూసుకుని పదికి 6 వేసి పంపాను. వాళ్ల స్కోరింగ్ గైడ్‌లోనే ఉంది: 5 సగటు, 6 పర్వాలేదు, 7 బాగుంది. ఈ గేమ్ పర్వాలేదు. అంతేగా?

అంతే కాదట. "ఓసారి కాల్‌లో మాట్లాడదామా" అని ఎడిటర్ నుంచి మెయిల్. వాళ్లకి మధ్యాహ్నం, నాకు రాత్రి పదకొండు. ఒక్కడే ఉంటాడనుకుంటే తెర మీద ముగ్గురున్నారు. మొదటి ప్రశ్న: "ఆట పూర్తి చేశారా?" చేశానన్నాను. "ట్రోఫీల పేజీ ఒకసారి షేర్ చేస్తారా?" చేశాను. ఆటలో ఏ ఘట్టాలు దాటామో చూపించే పేజీ అది. ముగ్గురూ నిశ్శబ్దంగా ఒక్కో ట్రోఫీ చదువుతుంటే, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ జేబులు వెతుకుతున్నట్టుంది నా పరిస్థితి. తర్వాత రెండో అతను, "ఇండియాలో కన్సోల్ ఆటలు ఎక్కువ ఆడరు కదా, ఈ సిరీస్‌లో ఇంతకుముందు ఏమైనా ఆడారా?" అన్నాడు. అయ్యా, సికింద్రాబాద్ సీటీసీలో పీఎస్2 కొన్ననాటి నుంచి ఆడుతున్నా. 2021 జనవరిలో పీఎస్5 బుకింగ్ తెరిచిన నిమిషాల్లో అయిపోతే, అందులో ఒకటి పట్టినవాణ్ణి. ఈ సిరీస్‌లో ముందు రెండూ పూర్తి చేశాను. అన్నీ చెప్పాను. ఇంతా చేసి, అడిగినవాడు ఈ గేమ్ మొదటి రెండు గంటలే ఆడాడట. "నాకైతే 8 అనిపిస్తోంది" అన్నాడు. రెండు గంటల్లో గుర్రమే రాదు!

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. "మీ వ్యాసం చదివితే 7 లాగా ఉంది, కింద 6 ఉంది. సంగీతం మీద ఆ పేరాలో పొగడ్త తగ్గిస్తారా, లేక నంబర్ పెంచుతారా?" అన్నాడు ఎడిటర్. చాలాసేపు నోట మాట రాలేదు. సంగీతం బాగున్నదీ నిజమే, గుమ్మంలో గుర్రం ఇరుక్కున్నదీ నిజమే. ఒకటి నిజమైతే రెండోది తగ్గించి రాయమనడం ఏం న్యాయం? వాళ్ల గైడ్ వాళ్లకే తెరిచి చూపించాను. "రాసింది అదే, కానీ చదివేవాళ్లు అలా చదవరు. 6 అంటే వాళ్ల లెక్కలో ఫెయిల్" అన్నాడు. అదే కాల్‌లో వాళ్ల సైట్ పాత స్కోర్లు కిందికి జరుపుతూ చూశాను. 7, 8, 8, 9, 7, 8. పదికి వేస్తున్నామనే పేరే గానీ వాడేది చివరి నాలుగు అంకెలే.

ఇందులో కొత్తేమీ లేదని మన తెలుగు సినిమా రివ్యూలు చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. అయిదుకి 2.75 అంటే ఏంటో, 3.25 అంటే ఏంటో ఏ గైడ్ లేకుండానే మనకి తెలుసు. గేమ్‌ల దగ్గర ఇది ఇంకా ముదిరింది. రకరకాల సైట్ల స్కోర్లు కలిపి వందకి సగటు తీసే మెటాక్రిటిక్ చూడండి: సినిమాకి 61 వస్తే పచ్చరంగు, గేమ్‌కి 75 వస్తే గానీ పచ్చ కాదు. ఒకే సైట్, రెండు గీతలు. గేమ్ విమర్శకులు ఎంత ధారాళంగా వేస్తారో దీన్ని మించిన సాక్ష్యం నాకక్కర్లేదు. నా 6 అక్కడికి వెళ్లి 60 అవుతుంది, పసుపు. ఏ సైట్ స్కోరుకి ఎంత బరువిచ్చి సగటు తీస్తారో మాత్రం వాళ్లు బయటపెట్టరు.

ఎడిటర్ ఇంకో అస్త్రం కూడా వేశాడు: "మన నంబర్ మీద కొందరి జీతాలు ఆధారపడతాయి." నిజమే. 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగస్ గేమ్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే అబ్సిడియన్ స్టూడియోకి బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. ఒక్క పాయింట్‌తో పోయింది. ఆ సంగతి 2012లో అబ్సిడియన్‌కి చెందిన క్రిస్ అవెలోనే చెప్పాడు. జాలేస్తుంది, కాదనను. కానీ బోనస్‌ని సగటుకి ముడిపెట్టింది పబ్లిషర్, రివ్యూయర్ కాదు. నేనూ ఊరుకోలేదు, 2007లో గేమ్‌స్పాట్ అనే సైట్‌లో రివ్యూయర్ జెఫ్ గెర్స్ట్‌మన్ సంగతి ఎత్తాను. కేన్ అండ్ లించ్ గేమ్‌కి ఆయన వేసింది కూడా 6. అప్పుడు ఆ సైట్ నిండా అదే గేమ్ ప్రకటనలు. కొన్నాళ్లకే ఉద్యోగం పోయింది. నోరు కట్టేసిన ఒప్పందం తీరాక 2012లో, ప్రకటనల ఒత్తిడికి పైవాళ్లు లొంగారని ఆయనే చెప్పాడు. ఈ పేరు ఎత్తగానే కాల్‌లో ముగ్గురి మొహాలూ మారాయి. "మాకు ప్రకటనల విభాగంతో సంబంధం లేదు" అన్నారు. నేను ఉందని అనలేదే!

చివరికి 6 ఉంచడానికి ఒప్పుకున్నారు, గుర్రం వీడియో జతచేయాలి, విడుదల ప్యాచ్ వచ్చాక మళ్లీ చూడాలి అన్న షరతులతో. ప్యాచ్ ఎంబార్గోకి ముందు రాత్రి దిగింది. కోట గుమ్మం బాగుపడింది. అంతలోనే ఎడిటర్ మెసేజ్: "ఇప్పుడు 7?" ఇంకాస్త ముందుకెళ్లి రేవు దగ్గరి గుమ్మంలో దౌడు తీశాను. మెడ ఇరుక్కుంది. వీడియో పంపాను, మారు మాట రాలేదు.

గురువారం ఏడున్నరకి రివ్యూ వచ్చింది. గేమ్ మర్నాడు గానీ అమ్మకానికి రాదు, అయినా రాత్రి తొమ్మిదికల్లా "వీడు ఆట ఆడలేదు" అని ఆడనివాళ్లంతా తీర్పిచ్చేశారు. "పోటీ కంపెనీ దగ్గర ఎంత తీసుకున్నావ్?" అని ఒకడు. వ్యాసంలో సంగీతం పేరా ఉందని ఒక్కడూ గమనించలేదు. అంకె చూశారు, తిట్టారు, వెళ్లారు. మొన్నటిదాకా నా మెయిల్‌కి పది నిమిషాల్లో జవాబిచ్చిన పబ్లిషర్ పీఆర్ మనిషి ఇప్పుడు ఉలకడు పలకడు. తర్వాతి గేమ్‌కి అడిగితే కోడ్‌లు పరిమితం అన్నారట. ఉండనీ.

మరి అంకెలు తీసేస్తే సరిపోదా అంటే, యూరోగేమర్ అనే గేమ్ సైట్ 2015లో తీసేసింది, 2023లో నక్షత్రాల రూపంలో మళ్లీ తెచ్చుకుంది. జపాన్ పత్రిక ఫామిట్సు పద్ధతి నాకు కాస్త నచ్చుతుంది: నలుగురు తలా పదికి వేస్తారు, మొత్తం 40. 1998లో జెల్డా ఆకరినా ఆఫ్ టైమ్ దాకా 40కి 40 ఎవరికీ పడలేదు. కనీసం తిట్లు నలుగురు పంచుకోవచ్చు.

కొనేవాళ్లు స్కోరు కంటే ముందు, రివ్యూయర్ ఏ మెషీన్ మీద ఆడాడో ఆ లైను వెతకండి. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077కి విడుదలకి ముందు రివ్యూలకి ఇచ్చింది పీసీ కాపీలే. ఆ స్కోర్లు చూసి పీఎస్4కి కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. వారం తిరిగేసరికి, ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని స్టోర్ నుంచే తీసేసింది.

రాయాలనుకునేవాళ్లయితే, గైడ్‌లో అంకెల అర్థాలు ఎలా ఉన్నా ముందు ఆ సైట్ పాత స్కోర్లు తిరగేసి, పేచీకి సిద్ధపడి దిగండి. దొరికిన ప్రతి లోపాన్నీ అప్పటికప్పుడే వీడియో తీసి పెట్టుకోండి, పీఎస్5 కంట్రోలర్ మీద క్రియేట్ బటన్ ఉన్నది అందుకే. ఇన్‌వాయిస్ పంపాను, నలభై అయిదు రోజుల గడువట. విదేశీ డబ్బు కాబట్టి బ్యాంకువాళ్లు పర్పస్ కోడ్ (డబ్బు ఏ పనికి వచ్చిందో చెప్పే కోడ్) అడుగుతారు, అదీ ముందే కనుక్కుని ఉంచుకోండి.