నాన్న సైకిల్ రిపేరు, నాలుగో వారం: గాలి పోతున్నది వాల్‌ట్యూబ్ దగ్గర

ఆదివారం
తుప్పు వదిలించడం అయిపోయింది. 28 అంగుళాల టైర్లు రెండూ బాగున్నాయి. గాలి మాత్రం నిలవట్లేదు. రాత్రి గట్టిగా కొట్టి పడుకుంటే తెల్లారేసరికి వెనక చక్రం చప్పబడిపోతోంది. పంక్చరేమోనని ట్యూబు బయటికి లాగి బకెట్లో ముంచాను. ట్యూబుకి చిల్లుల్లేవు. బుడగలన్నీ వాల్వు నెత్తి మీంచే.

బిళ్ల విప్పి ఇత్తడి పిన్ను లాగితే, దానికి తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం బెల్లంపాకంలా వేలికి అంటుకుంది. మిగతాది గోటితో గీకాను. షాపాయన "వాల్‌ట్యూబా? ఇప్పుడెవరు అడుగుతున్నారండీ" అంటూనే డబ్బాలోంచి జానెడు ముక్క తీసిచ్చాడు.

దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. పిన్నుకే పక్కవైపు చిన్న చిల్లు, దాని మీద ఈ గొట్టం. పంపు కొడితే గాలి రబ్బరుని పైకి లేపి లోపలికి జారుకుంటుంది. తిరిగి వద్దామంటే లోపలి గాలే రబ్బరుని చిల్లుకేసి నొక్కేస్తుంది. లాటిన్‌లో 'వాల్వా' అంటే తలుపు రెక్కట. సరిగ్గా తలుపే, కాకపోతే లోపలికే తెరుచుకుంటుంది. 'ట్యూబ్' కూడా లాటిన్ 'టూబుస్' నుంచే, గొట్టమని అర్థం. అంటే వాల్‌ట్యూబ్ తలుపు గొట్టమన్నమాట! రబ్బరు సంగతి ఇంకా తమాషా. 'రబ్' అంటే రుద్దడం, పెన్సిల్ గీతలు రుద్ది చెరిపేది కాబట్టి ఇంగ్లిష్‌లో ఆ పేరొచ్చింది. 1770లోనే జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఆ వాడకం గురించి రాశాడు. బళ్ళో మనం రబ్బరు అడుక్కున్నప్పుడు అసలు అర్థంలోనే అడిగామన్నమాట.

బుధవారం
నాదే తప్పు. గొట్టం ఎక్కట్లేదని కుట్టుమిషన్ నూనె రాశాను. మూడు రోజుల్లో ఉబ్బి వదులైపోయింది, గాలి మళ్ళీ మొదటికి. సహజ రబ్బరుకి నూనె తగలకూడదు. ఈసారి మూడు సెంటీమీటర్ల ముక్క కోసి, నీళ్ళతో తడిపి, మెలితిప్పుతూ చిల్లు దాటి పిన్ను మెడ దాకా ఎక్కించాను. షాపాయనైతే ఉమ్మితో తడుపుతాడు. నాకు మనసొప్పలేదు.

శనివారం
మూడు రోజులైంది. బొటనవేలితో నొక్కినా టైరు లొంగట్లేదు. మిగిలిన ముక్కలో కాస్త కోసి, మడ్‌గార్డు కమ్మీ గీరుకుంటూ చప్పుడు చేసే చోట చుట్టాను. ఆ కిరకిర కూడా ఆగింది. రేపు ముందు చక్రం పిన్ను విప్పాలి.