పుట్టపాక దాకా తీసుకెళ్లిన రుమాలు

పాత రుమాళ్లు దాచుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం, అమ్మమ్మ పెట్టెలో దొరికినవీ సంతల్లో కొన్నవీ కలిపి ఓ నలభై దాకా ఉన్నాయి, కానీ వాటన్నిట్లో ప్రాణం మాత్రం ఒక్కదాని మీదే. తాతయ్య తలకి చుట్టుకున్న చీరాల తేలియా రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే, మూలల్లో చిన్న చిన్న గడియారాల బొమ్మలు.

అలాంటి రుమాళ్లు నేసే చేతుల్ని ఒక్కసారైనా చూడాలని మొన్న శనివారం తెలంగాణలోని నేతన్నల ఊరు పుట్టపాక వెళ్లాను. విజయవాడ హైవేలో చౌటుప్పల్ దాకా వెళ్లి అక్కడ్నుంచి సంస్థాన్ నారాయణపురం వైపు తిరగాలి. ఇదే ఊళ్లో ఇద్దరు నేత కళాకారులకి పద్మశ్రీలు, గజం గోవర్ధన్ గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో.

ఒకింట్లో మగ్గం మీదున్న పెద్దాయన నా రుమాలు తీసుకుని బొమ్మలు కూడా చూడలేదు, ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనెల నానిన నూలే బిడ్డా, గోళీలేసి వాసన ఆగం జేసినవ్" అన్నాడు. నిజమే, ఏళ్లుగా కలరా ఉండల మధ్య పెట్టా, నాకు చాలా బాధేసింది.

తేల్ అంటే నూనె కదా, పేరంతా అందులోనే ఉంది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లల్లో నూనె కలిపి, నూలు అందులో నానబెట్టి పిసికి ఎండేసి మళ్లీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేస్తారు, అప్పుడే ఆ ఎరుపు దారం లోపలికంటా దిగుతుంది, ఉతికే కొద్దీ బట్ట మెత్తబడుతుంది. పడుగూ పేకా, అంటే నిలువు దారాలూ అడ్డ దారాలూ రెండింటికీ ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, రంగేస్తారు కాబట్టి నేసేటప్పుడు ఆ రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఆయన ప్రతి పోగూ వేశాక ఆగి వేలితో కొంచెం జరిపి చూసుకుంటుంటే ఊపిరి బిగబట్టి చూశాను.

పాతవి కొనేవాళ్లు ముందు తిరగేసి చూడండి, అసలుదైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. గీత గీసినట్టు ఉంటే నేనైతే కొనను, అది ప్రింటే. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా బజార్లో ప్రింట్లకేం తక్కువ లేదు.

వచ్చేటప్పుడు పెద్దాయన నా రుమాలుని పాత మడత మీద కాకుండా వేరేగా మడిచిచ్చాడు, ఒకే చోట మడిస్తే అక్కడే చిరుగుతదట. కొత్తది కూడా ఒకటి కొన్నా. బస్సులో సంచంతా నూనె వాసన. ఇంటికి రాగానే కలరా ఉండలన్నీ ఏరి పారేసి, ఎండిన వేపాకు మూటగట్టి పెట్టి, పాతదాని పక్కనే కొత్తది సర్దాను.