సోమవారం సంతలో సవర బొమ్మలు

శ్రీకాకుళం నుంచి పాలకొండ దాకా ప్రయాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమదాలవలస దాటేవరకూ బస్సులో కాలు పెట్టే చోటుండదు, అంతే. పాలకొండలో దిగి సీతంపేట బస్సెక్కాక గానీ కొండలు కనబడవు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ, మా శ్రీకాకుళం వాళ్లం ఇప్పటికీ మనదనే అంటాం. సోమవారం అక్కడ సంత. మా తోడికోడలు అక్కకి చవగ్గా అనాసపళ్లు కావాలి, నాకు ఈ కొండల్లో ఉండే సవర గిరిజనులు గీసే బొమ్మలు కావాలి.

వానలు పడుతున్న రోజుల్లో ఆ సంతకి వెళితే ముందు తగిలేది అనాస వాసనే. తెల్లారేసరికే కొండ మీది గూడేల నుంచి కావిళ్లు దిగిపోతాయి. పనసకాయలు, జీడిపిక్కలు, పసుపు, అడ్డాకుల కట్టలు ఓ పక్కన ఉంటాయి గానీ రాజ్యమంతా అనాసదే. పండింది ఆగదు, దాచుకునే చోటు లేదు, మిగిలింది మళ్లీ కొండెక్కించలేరు. అంచేత పొద్దెక్కేకొద్దీ ధర దిగుతుంది. "పదకొండు దాకా ఆగుదామే, వాళ్లే ఇచ్చేస్తారు" అంది అక్క. నాకు ఆ మాట నచ్చలేదు. కానీ ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

నేను బొమ్మల వైపు నడిచాను. ఒక కుర్రాడు గోనెపట్టా మీద వాళ్లమ్మ పేర్చిన అనాసల పక్కనే గుడ్డ మీద గీసిన నాలుగైదు బొమ్మలు పరిచి కూర్చున్నాడు. ఇటుకరాయి రంగు మీద తెల్లటి గీతలు. అసలు ఈ బొమ్మలు పుట్టింది ఇంటి గోడల మీద. ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్లలో వెదురుపుల్ల ముంచి వేసేవారు. ఇంట్లో జబ్బు చేస్తే, చనిపోయినవాళ్లు కలలోకొస్తే, పంట బాగుండాలంటే గోడ మీద బొమ్మ వేయించి, పూజ చేసి, చనిపోయిన పెద్దల్ని అందులోకి పిలుస్తారు. ఆ బొమ్మ వాళ్లు వచ్చి ఉండే ఇల్లన్నమాట. అందుకే ముందు చుట్టూ అంచు కట్టి, తర్వాత లోపలికి మనుషుల్నీ చెట్లనీ గుర్రాలనీ నింపుకుంటూ వస్తారు.

దీన్ని ఆదిమకళ అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. గిరిజనుల జీవితం మీద పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ ఒడిశా కొండల్లో సవరల మధ్య తిరిగి 1955లో పుస్తకం వేసేనాటికే ఆ గోడల మీద సైకిళ్లూ విమానాలూ ఉన్నాయి. కళ్లెదుట ఏది తిరిగితే అది గోడెక్కింది. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాళ్ల మాటకి అంత పని జరిగిన మా ప్రాంతంలోనే ఈ బొమ్మని చూసి, మహారాష్ట్ర గిరిజనుల బొమ్మనుకుని, "వార్లీయేనా?" అని అడుగుతారు. నా వెనక నిలబడ్డాయన అదే అడిగాడు. కుర్రాడు నవ్వేసి ఊరుకున్నాడు.

నేను ఎత్తి చూసిన గుడ్డ మీద ఉన్నది ఈ సంతే. అంచు నిండా గళ్లు, పై మూలన సూర్యుడు, ఏటవాలుగా కొండ దిగుతున్న వరస. ఒక్కో మనిషీ రెండు త్రికోణాలు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. భుజం మీద కావిడిబద్ద బరువుకి వంగింది. బుట్టల్లో అడ్డంగా నిలువుగా గీసిన అనాసలు, ఒక్కోదానికీ మూడు గీతల పిలక. కింద ఒకడు కాటా పట్టుకున్నాడు. అందరూ ఒకే ఎత్తు, ఒకే తీరు.

"ఇందులో షావుకారు ఎవరు బాబూ?"

"ఈడేనండి. ఆ సెయ్యి సూడండి."

వంగి చూశాను. కాటా పళ్లెం మీద ఒక సన్నటి గీత దిగి ఉంది. వేలు!

అదే కొనుక్కుంటానన్నాను. ఆరొందలు చెప్పాడు. ఈలోగా వచ్చిన అక్క, అలవాటు కొద్దీ, మూడొందలకి దింపబోయింది. "అనాసలు తగ్గిత్తాం అమ్మా, కుళ్లిపోతాయి. బొమ్మ కుళ్లిపోదు కదేటి" అన్నాడు. అక్క నోరు మూతపడటం నేనప్పుడే చూశాను. ఆరొందలూ ఇచ్చాను.

ఇంట్లో గోడ మీది బొమ్మ చూడొచ్చా అని అడిగాను. వాళ్లమ్మ సవరలో ఏదో అంది. చూడొచ్చట, ఫోటో మాత్రం తియ్యకూడదట. ఇలాంటిదే గుడ్డ మీద వేసి అమ్మేటప్పుడు మాత్రం పెద్దల్ని పిలవరట. ఎవరి ఇంటికి పోతుందో తెలియని బొమ్మలోకి వాళ్లని ఎలా రమ్మంటాం అంది. నేను వేసిన ప్రశ్నలన్నిటిలోకీ సరైన జవాబు వచ్చింది దానికే.

వెళ్లాలనుకుంటే తొమ్మిదిలోపే చేరుకోండి. మధ్యాహ్నానికి సంత పల్చబడిపోతుంది. ధర దిగేదాకా మాత్రం ఆగకండి. కొత్తూరు దారిలో మెట్టుగూడ జలపాతం ఉంది, అందరూ అక్కడికే వెళ్తారు. మేం వెళ్లలేదు. చంకలో బొమ్మ, చేతుల్లో పదహారు అనాసలు పెట్టుకుని జలపాతంలో ఎవరు దిగుతారు?